యంత్రం ఆగేదాకా ఆగినవాడు

పూర్తిగా చెడిపోయిన యంత్రాన్ని బాగు చేయడం ఒక రకం పని. మెకానిక్ ఎదుట చక్కగా నడిచి, అతను వెళ్లిన రాత్రే ఆగిపోయే యంత్రాన్ని బాగు చేయడం పూర్తిగా వేరే పని. మొదటిదానికి చేతి పనితనం చాలు. రెండోదానికి దానితో పాటు ఓర్పు కావాలి. అంతకన్నా ముఖ్యంగా, నడుస్తున్న యంత్రాన్ని చూసి తృప్తిపడి వెళ్లిపోని మనసు కావాలి. అలాంటి మనసున్న ఒక పనివాడిని అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలోని క్యారీలో మా అక్కావాళ్లింట్లో చూశాను. అరవై ఏళ్లు దాటిన మనిషి. అతను ఆ ఇంటి హీట్ పంపును బాగు చేసిన తీరు, చేసిన క్రమంలోనే చెప్పాలని ఈ వ్యాసం.

ముందు ఆ యంత్రం సంగతి. చలికాలంలో బయటి గాలి సున్నా డిగ్రీల దగ్గరున్నా అందులో వేడి ఉంటుంది. ఆ వేడిని లాగి ఇంట్లో పోయడం హీట్ పంపు పని. ఏతం నీళ్లను పుట్టించదు, పల్లంలో ఉన్నవాటిని మెరకకు ఎత్తుతుంది. మన కష్టమంతా ఎత్తడానికే. ఇదీ అంతే. కరెంటును కాల్చి వేడి పుట్టించే హీటరు ఒక యూనిట్‌కి ఒక యూనిట్ వేడే ఇవ్వగలదు. ఓ మోస్తరు చలిలో మంచి హీట్ పంపు అదే కరెంటుతో మూడు యూనిట్ల వేడిని లోపలికి తేగలదు. ఇలా ఇళ్లను వెచ్చబెట్టవచ్చని విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయిన శాస్త్రవేత్త, 1852లోనే లెక్కగట్టి చెప్పాడు. 1938లో స్విట్జర్లాండ్‌లోని జూరిక్ టౌన్‌హాలును పక్కనే పారే లిమ్మాట్ నది నీటిలోని వేడితో వెచ్చబెట్టారు. చలి మరీ ముదరని అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో ఇప్పుడిది ఎన్నో ఇళ్లలో ఉండే యంత్రం.

హైదరాబాదులోనో విజయవాడలోనో మన గోడకున్న స్ప్లిట్ ఏసీ కూడా చేసేది ఇదే. కాకపోతే ఒకే దిశలో, ఇంట్లో వేడిని బయటికి తోస్తుంది. హీట్ పంపులో అదనంగా ఉండేది రివర్సింగ్ వాల్వు. నాలుగు రాగి గొట్టాలు కలిసే చిన్న ఇత్తడి స్తూపం అది. లోపల ఒక జారుడు ముక్క ఇటునుంచి అటు జరిగితే చాలు, గ్యాస్ నడిచే దారి తారుమారవుతుంది. వేసవిలో చల్లబరిచే యంత్రం చలికాలంలో వెచ్చబెడుతుంది. ఆ ముక్క కదలడానికి 24 వోల్టుల కరెంటుతో పనిచేసే చిన్న సోలనాయిడ్ చుట్ట ఆజ్ఞ ఇస్తుంది. తోసే బలం మాత్రం గ్యాస్ ఒత్తిడిదే. చాలా కంపెనీల యంత్రాల్లో ఆ చుట్టకు కరెంటు వెళ్లేది చల్లబరిచేటప్పుడు మాత్రమే. వెచ్చబెట్టేటప్పుడు ఆ వైరు ఖాళీగా ఉంటుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, తర్వాతి కథంతా దానిచుట్టూనే తిరుగుతుంది.

బయటి గాలినుంచి వేడి లాగేటప్పుడు బయటి యూనిట్‌లోని కాయిల్ గాలికన్నా చల్లగా ఉండాలి. కాబట్టి గాలి మూడు నాలుగు డిగ్రీలున్నా కాయిల్ గడ్డకట్టే స్థాయికి దిగిపోతుంది, గాలిలోని తేమ దానిమీద మంచుగా పేరుకుంటుంది. ఎముకలు కొరికే పొడి చలిలో ఇంత మంచు పట్టదు. సున్నాకు కాస్త పైన, చిత్తడిగా ఉన్న రాత్రుల్లోనే ఎక్కువ. మంచు పేరుకుంటే గాలి ఆడదు, వేడి రాదు. అందుకని యంత్రం కొంతసేపటికోసారి తనను తాను తలకిందులు చేసుకుంటుంది. సోలనాయిడ్‌కు కరెంటు వెళ్తుంది, వాల్వు తిరుగుతుంది, బయటి ఫ్యాను ఆగుతుంది, ఇంట్లో వేడి బయటి కాయిల్‌లోకి పోయి మంచును కరిగిస్తుంది. ఆ కాసేపు ఇల్లు చల్లబడకుండా లోపలి యూనిట్‌లోని హీటరు కాయిళ్లు వెలుగుతాయి. దీన్ని డీఫ్రాస్ట్ అంటారు. బయటి యూనిట్‌నుంచి తెల్లటి ఆవిరి లేస్తుంటే కొత్తగా వచ్చినవాళ్లు పొగ అనుకుని కంగారుపడతారు.

అక్కావాళ్ల ఇబ్బంది ఇది. చలి రాత్రి పడుకునేటప్పుడు ఇల్లు వెచ్చగానే ఉండేది. తెల్లవారేసరికి చల్లబడి, గోడమీది థర్మోస్టాట్ తెర చీకటిగా ఉండేది. మెకానిక్ పదకొండింటికో పన్నెండింటికో వచ్చి, లోపలి యూనిట్ బోర్డుమీద కాలిపోయిన చిన్న ఫ్యూజును మార్చేవాడు. వెంటనే అన్నీ నడిచేవి. మరోసారి థర్మోస్టాట్ మార్చారు. ఇంకోసారి డీఫ్రాస్ట్ బోర్డు మార్చారు. ఒకతను గేజీలు తగిలించి, ఒత్తిడి తక్కువగా ఉందని గ్యాస్ ఎక్కించాడు.

"నిన్ననే బాగు చేశారన్నావు కదా అక్కా?" అన్నాను, వెళ్లిన మర్నాడు పొద్దున ఇంట్లో స్వెటర్లు వేసుకుని కూర్చున్న పిల్లల్ని చూసి.

"చేశార్రా. సాయంత్రం దాకా బాగానే ఉంది. రాత్రే ఏదో అవుతోంది. ఆ రాత్రిపూట ఎవరొస్తారు?"

ఆమె మాటలో సగం సమాధానం ఉంది. ఆ సగాన్ని విన్న మొదటి మనిషి ఈ పెద్దాయన.

ఫోన్లోనే అతను అడిగిన ప్రశ్నలు వేరుగా ఉన్నాయి. ఏం చెడిపోయిందని అడగలేదు. ఆగిన రాత్రుల్లో వాన గానీ పొగమంచు గానీ ఉందా అన్నాడు. వరుసగా రెండు రాత్రులు నడిచి మూడో రాత్రి ఆగిన సందర్భం ఉందా అన్నాడు. ఇదివరకటివాళ్లు ఏ వేళకు వచ్చారు, ఎంతసేపున్నారు అన్నాడు. అన్నీ విని, పొద్దున ఆరున్నరకల్లా వస్తాను, అప్పటిదాకా ఫ్యూజు ఎవరూ మార్చొద్దు అన్నాడు.

ఆ వేళ ఎందుకో తర్వాత అర్థమైంది. డీఫ్రాస్ట్ బోర్డులో గడియారం ఉంటుంది. కాయిల్ గడ్డకట్టేంత చల్లగా ఉండి, కంప్రెసర్ నడిచిన సమయం 30, 60, లేదా 90 నిమిషాలు, బిగించినప్పుడు ఎంతకు పెట్టారో అంత అయితేనే అది డీఫ్రాస్ట్‌ను మొదలుపెడుతుంది. పగలు పదకొండింటికి ఎండ వచ్చి గాలి పది డిగ్రీలకు చేరితే కాయిల్ మీద మంచే ఉండదు. అంటే అంతకుముందు వచ్చినవాళ్లెవరూ ఆ యంత్రం డీఫ్రాస్ట్‌లోకి వెళ్లడం చూడలేదు. వాళ్లు పరీక్షించినదల్లా రాత్రి కూడా సవ్యంగా నడిచే భాగాన్నే.

మర్నాడు చెప్పిన వేళకే వచ్చాడు. మొదట చేసిన పని, కాలిన ఫ్యూజు స్థానంలో ఒక చిన్న బ్రేకరు పెట్టడం. ఫ్యూజు లాగానే అదీ మూడు ఆంపియర్లు దాటితే తెగుతుంది, కానీ కాలిపోదు; బొత్తాం బయటికొస్తుంది, నొక్కితే మళ్లీ కలుస్తుంది. తప్పును మళ్లీ మళ్లీ రప్పించాలంటే ఇలాంటి పరికరమే కావాలి. ఫ్యూజుల డబ్బా పక్కన పెట్టుకున్నవాడికి ఒక్కో ప్రయత్నానికి ఒక్కో ఫ్యూజు ఖర్చు. ఆ లెక్క తెలియకుండానే చేతిని వెనక్కి లాగుతుంది. తప్పు జరగడాన్ని చవక చేసుకోవడం అతని మొదటి తెలివి.

యంత్రం నడిచింది. బ్రేకరు కదల్లేదు. ఇక్కడినుంచి అతను మనసులో వేసుకున్న లెక్క నన్ను కట్టిపడేసింది. అడిగితే పని ఆపకుండానే చెప్పాడు. వెచ్చబెడుతున్నంతసేపూ ఫ్యూజు నిలుస్తోంది కాబట్టి ఎర్ర వైరు, పసుపు వైరు, అంటే మూల సరఫరా, కంప్రెసర్ ఆజ్ఞ, రెండూ మంచివే. డీఫ్రాస్ట్ వేళ 24 వోల్టుల వైపు కొత్తగా కరెంటు అందుకునేవి రెండే. ఒకటి హీటరు కాయిళ్లను పిలిచే తెల్ల వైరు, రెండోది రివర్సింగ్ వాల్వు చుట్టకు వెళ్లే వైరు. ఇక అనుమానితులు ఇద్దరే.

థర్మోస్టాట్‌ను అత్యవసర హీటింగ్‌లో పెట్టాడు. తెల్ల వైరులోకి కరెంటు వెళ్లింది, హీటరు వెలిగింది, బ్రేకరు నిలిచింది. తెల్ల వైరు నిర్దోషి. ఆ తర్వాత యంత్రాన్ని కాసేపు ఆపి, ఆ చలిలోనే కూలింగ్‌లో పెట్టి మళ్లీ నడిపాడు. వాల్వు చుట్టకు కరెంటు వెళ్లింది. బ్రేకరు అప్పుడూ నిలిచింది.

చాలామంది ఇక్కడ రెండోదాన్నీ వదిలేసి, తప్పు బోర్డుదేనని తేలుస్తారు. ఆ ఇంట్లో బోర్డు మారింది కూడా ఇలాంటి తర్కంతోనే అయ్యుండాలి. అతను వదల్లేదు. కూలింగ్‌లో మొదలుపెట్టినప్పుడు వాల్వు తిరిగిన తీరుకీ, డీఫ్రాస్ట్‌లో తిరిగే తీరుకీ తేడా ఉందన్నాడు. ఆగి ఉన్న యంత్రంలో రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉంటుంది. కంప్రెసర్ మొదలయ్యాక వాల్వు మెల్లగా జరుగుతుంది. డీఫ్రాస్ట్‌లో అలా కాదు. కంప్రెసర్ నడుస్తుండగానే, ఒక పక్క మూడు వందల పీఎస్ఐ దగ్గర, మరో పక్క వంద లోపు ఒత్తిడి ఉండగా వాల్వు ఒక్కసారిగా తిరుగుతుంది. బుస్సుమని శబ్దం వస్తుంది, గొట్టాలన్నీ ఒక్క కుదుపుతో అదురుతాయి. మీటరుతో ఎంత కొలిచినా ఆ కుదుపు మీటరులో కనిపించదు. దాన్ని నిజంగా పుట్టించాలి.

డీఫ్రాస్ట్ బోర్డుమీద పరీక్ష కోసమని రెండు పిన్నులుంటాయి. వాటిని కలిపి పట్టుకుంటే గడియారం పరుగెడుతుంది. కలిపాడు. ఫ్యాను ఆగింది, బుస్సుమంది, గొట్టాలు అదిరాయి, ఆవిరి లేచింది. బ్రేకరు నిలిచింది. కాయిల్ వేడెక్కి డీఫ్రాస్ట్ ముగిశాక కాసేపు నడవనిచ్చి మళ్లీ కలిపాడు. మళ్లీ నిలిచింది. బావ కాఫీ తెచ్చిచ్చి, ఇక బాగైపోయిందేమో అన్నట్టు చూశాడు. పెద్దాయన కప్పు అందుకుని పక్కన పెట్టి మళ్లీ పిన్నులు కలిపాడు. ఒక తడవ గొట్టాలు అదిరిన క్షణంలోనే కంప్రెసర్ ఆగిపోయింది. లోపలికి వెళ్లి చూస్తే బ్రేకరు బొత్తాం బయటికొచ్చి ఉంది. అతని ముఖంలో ఆ పొద్దంతా కనిపించని వెలుగు అప్పుడు చూశాను. ఎన్నాళ్లుగానో రాత్రిపూట మాత్రమే జరుగుతున్నది పట్టపగలు, అతని కళ్లముందు జరిగింది.

తర్వాతది కనిపెట్టడం కన్నా చూపించడం. మెయిన్ ఆపి, చుట్ట వైర్లను బోర్డునుంచి విడదీశాడు. మీటరు ఒక కొనను వైరుకీ, మరో కొనను రాగి గొట్టానికీ తగిలించాడు. మీటరు మౌనంగా ఉంది. అంటే కదలకుండా ఉన్నప్పుడు వైరుకీ లోహానికీ సంబంధం లేదు. స్క్రూడ్రైవరు పిడితో వాల్వు దగ్గరి గొట్టాన్ని మెల్లగా తట్టాడు. మీటరు కీచుమంది. మళ్లీ తట్టాడు, మళ్లీ కీచుమంది. వైరు పొడవునా వేలితో తడుముతూ వెళ్లి, వాల్వు వెనక, బయటినుంచి కంటికి ఆనని చోట ఆగాడు. కంప్రెసర్ అదురుకి గొట్టానికి ఒరుసుకుని ఒరుసుకుని వైరు పైతొడుగు బియ్యపుగింజంత మేర అరిగిపోయింది. లోపలి రాగి తీగ మెరుస్తోంది. ఆ యంత్రంలో ట్రాన్స్‌ఫార్మర్ ఒక కొస లోహపు చట్రానికి కలిపి ఉంది. అందుకే తీగ గొట్టానికి తగిలిన క్షణం షార్టవుతోంది, ఇంటి కంట్రోల్ సర్క్యూట్ అంతటికీ ఉన్న ఒకే ఒక్క ఫ్యూజు పోతోంది. ఫ్యూజు పోతే థర్మోస్టాట్‌కీ కరెంటు లేదు, హీటరునీ పిలిచేవాళ్లు లేరు. ఆ బియ్యపుగింజంత చోటు ఇల్లంతటినీ చలిలో పెట్టింది.

ఇలాంటి చోట టేపు చుట్టి మూత బిగించి వెళ్లడం లోకంలో ఉన్న పద్ధతి. టేపు ఆ చలికాలం వరకు నిలుస్తుంది. పెద్దాయన సోలనాయిడ్ చుట్టనే కొత్తది వేశాడు. వాల్వును విప్పక్కర్లేదు, చుట్ట ఒక్క మరతో పైనుంచి ఊడి వస్తుంది. కొత్త వైర్లకు మందపాటి తొడుగు తొడిగి, పాత దారిలో కాకుండా గొట్టాలకు దూరంగా చట్రం అంచు వెంట నడిపించి కట్టాడు. వాల్వు దగ్గర కొంచెం వదులు మెలిక ఉంచాడు, గొట్టం అదిరినా వైరు బిగుసుకోకుండా. వైరు తొడుగు ఎందుకు అరిగిందన్న ప్రశ్నకు జవాబు రాపిడి అయితే, మరమ్మతు కూడా రాపిడికే జరగాలని అతని లెక్క. అదే చూపుతో మిగతా గొట్టాలన్నీ వేళ్లతో తడిమి చూశాడు. వాల్వు ఆజ్ఞను మోసే సన్నటి గొట్టాల్లో ఒకటి పక్కదాన్ని ఆనుకుని ఉంది. రాగి రాగికి ఒరుసుకుంటే కొన్నేళ్లకు చిల్లుపడి గ్యాసంతా పోతుంది. దాన్ని మెల్లగా వంచి ఎడం చేశాడు. ఎవరూ చెప్పని పని, బిల్లులో కనిపించని పని.

మునుపు ఒకతను ఎక్కించిన గ్యాస్ సంగతి ఇంకా మిగిలింది. చలిలో ఒత్తిడి సహజంగానే తక్కువగా కనిపిస్తుంది. వేసవి అంకెలు మనసులో పెట్టుకుని చలికాలం గేజీ చూసినవాడికి అది లోపంలా తోస్తుంది. ఇది మనకు తెలియని కథేం కాదు. ఎండాకాలం మెకానిక్ రాగానే గ్యాస్ తగ్గింది, ఎక్కిద్దాం అనడం మన ఊళ్లలోనూ అలవాటే. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరిగి తిరిగి వచ్చేది. నిజంగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా ఎక్కించడం తప్పు. లీకే లేనిచోట ఎక్కించడం ఇంకా పెద్ద తప్పు. ఎక్కువైన గ్యాస్ కంప్రెసర్ మీద భారం మోపుతుంది, కరెంటు తింటుంది, యంత్రం మాత్రం ఏమీ చెడిపోనట్టు నడుస్తూనే ఉంటుంది.

గేజీ చూసి ఊహించడం అతనికి ఇష్టం లేదు. ఉన్న గ్యాసంతా రికవరీ యంత్రంతో సిలిండరులోకి లాగాడు. గాలిలోకి వదలడం అక్కడి చట్టం ఒప్పుకోదు. సిలిండరును త్రాసుమీద పెట్టి తూచాడు. బయటి యూనిట్ ప్లేటుమీద ఎంత తూకం గ్యాస్ ఉండాలో రాసి ఉంటుంది. అది 15 అడుగుల గొట్టానికి సరిపడే లెక్క. అంతకు మించిన ప్రతి అడుగుకీ, మూడు ఎనిమిదోవంతుల అంగుళం గొట్టమైతే ఆర్-410ఎ గ్యాస్ 0.6 ఔన్సు చొప్పున కలపాలి. గొట్టం పొడవు టేపుతో కొలిచి లెక్క కట్టాడు. దాదాపు ఒక పౌండు ఎక్కువ తేలింది.

గ్యాస్ బయటికొచ్చింది కాబట్టి గొట్టంలో ఉండే ఫిల్టరు డ్రయ్యరు కూడా మార్చాడు. హీట్ పంపులో ద్రవం రెండు దిశల్లోనూ నడుస్తుంది కనుక రెండు వైపులా పనిచేసే రకమే వేయాలి. ఏసీ డ్రయ్యరు ఇక్కడ పనికిరాదు. గొట్టాలను మంటతో అతికేముందు లోపలికి నైట్రోజన్‌ను సన్నగా వదిలాడు. లోపల ఆక్సిజన్ ఉండగా రాగిని ఎర్రగా కాలిస్తే గొట్టం లోగోడ నల్లటి పొక్కు కడుతుంది. ఆ పొక్కు రాలి, సన్నటి రంధ్రాల్లో చేరి, ఎప్పుడో రెండేళ్లకు మరో మెకానిక్‌కు అంతుపట్టని తప్పు అవుతుంది. అతికిన చోటు బయటినుంచి ఎంత నున్నగా ఉందో అందరూ చూడగలరు. లోపలివైపు ఎంత శుభ్రంగా ఉందో అతికినవాడికే తెలుసు. ఆ కనిపించని వైపు కోసం అతను నైట్రోజన్ సిలిండరు మోసుకొచ్చాడు. ఆ పొద్దు చూసినవాటిలో నాకు ఎక్కువ గౌరవం కలిగించింది ఇదే.

ఆపైన వ్యాక్యూమ్. మామూలు గాలి ఒత్తిడి ఈ పనిలో వాడే కొలమానంలో 7,60,000 మైక్రాన్లు. గొట్టాల్లో దాన్ని 500కు దించాలి. పంపు ఇంతసేపు తిప్పాను, చాలు అనుకునేవాళ్లు ఎక్కువ. పంపు తిరిగిన సమయం లోపలి తేమ గురించి ఏమీ చెప్పదు. అతను మైక్రాన్ గేజీ పెట్టి, 500 దిగువకు వెళ్లాక పంపును వేరుచేసి, అంకెను చూస్తూ కూర్చున్నాడు. అంకె కొంత పెరిగి ఒకచోట ఆగిపోతే లోపల తేమ మిగిలినట్టు. ఆగకుండా పెరుగుతూనే ఉంటే ఎక్కడో లీకు. ఈ గ్యాస్‌తో వాడే నూనె తేమను ఆబగా పీల్చుకుంటుంది, ఆమ్లంగా మారుతుంది, కంప్రెసర్ చుట్టలను తింటుంది. ఆ అంకె ఇంచుమించు కదలకుండా నిలిచాకే త్రాసు చూసుకుంటూ గ్యాస్ నింపాడు.

ఇంతకుముందు వచ్చినవాళ్లు పనికిమాలినవాళ్లని నేను అనుకోవడం లేదు. రోజుకు ఇన్ని ఇళ్లు అని లెక్క పెట్టి పంపే చోట, నడుస్తున్న యంత్రం ముందు గంటన్నర నిలబడడానికి ఎవరికీ వీలుండదు. నడిచిందా, సంతకం పెట్టించుకో, తర్వాతి ఇంటికి వెళ్లు. ఆ కొలమానంలో వాళ్లు ప్రతిసారీ నెగ్గారు, ఇల్లు ప్రతిసారీ చల్లబడింది. మళ్లీ మళ్లీ వచ్చే తప్పుకు ధర ఎక్కువ, కాలం ఎక్కువ. దాన్ని పట్టుకునేవాడికి ఇచ్చే డబ్బు వస్తువుకి కాదు, వేచి ఉండటానికి. పెద్దాయన సొంతంగా చేసుకుంటున్నాడు కనుక ఆ కాలాన్ని ఇవ్వగలిగాడు. బిల్లు చూసి బావ ఏమీ బేరమాడలేదు. అంతకుముందు మార్పించిన బోర్డూ థర్మోస్టాటూ కలిపితే దానికన్నా ఎక్కువే.

చివర బ్రేకరు తీసేసి, సరైన ఫ్యూజు పెట్టాడు. మళ్లీ పిన్నులు కలిపి ఎన్నోసార్లు డీఫ్రాస్ట్‌లోకి పంపి చూశాడు. ఇంటి చూరు నీళ్లు సరిగ్గా బయటి యూనిట్ ఫ్యానుమీద పడుతున్నాయని, అక్కడ చిన్న తూము వేయించమని చెప్పాడు. మూత బిగించే ముందు దాని లోపలివైపు చెరగని పెన్నుతో తేదీ, నింపిన గ్యాస్ తూకం, గొట్టం పొడవు, నిలిచిన మైక్రాన్ అంకె, చుట్ట మార్చిన సంగతి, వైరు కొత్త దారి రాశాడు. ఎవరికోసం అని అడిగాను. తర్వాత వచ్చేవాడి కోసం అన్నాడు. ఆ వారాంతంలో మంచుతో కలిసిన వాన కురిసిన రాత్రి దాటాక, పొద్దున్నే తనే ఫోను చేసి, రాత్రి ఆవిరి లేవడం ఎవరైనా చూశారా, ఎన్నిసార్లు, అని అక్కను అడిగాడు.